వీరగల్లు గారి డాక్టరేటు

మా జిల్లా మ్యూజియానికి జనం రారని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వస్తారు. మే నెలలో ఎండకి తాళలేక వస్తారు, ఫ్యాను కింద కాసేపు నిలబడి పోతారు. పక్కనే బస్‌స్టాండు కాబట్టి బాత్రూము కోసం వస్తారు. ఊళ్ళో ఎవరి కంటా పడకుండా మాట్లాడుకోవాలనుకునే జంటలు వస్తారు. వాళ్ళకి నాణేల గది ఇష్టం, అక్కడ లైటు వెలగదు. మ్యూజియం చూడ్డానికి మాత్రం ఎవరూ రారు. ఏళ్ళ తరబడి క్యూరేటరు కుర్చీలో కూర్చుని ఈ వైభవమంతా చూస్తున్నవాణ్ణి కనక, విశ్వవిద్యాలయం వాళ్ళు "బోధన, పరిశోధనల్లో పరస్పర సహకారం" కోరుతూ ఉత్తరం రాస్తే నాకు నిజంగానే సంతోషం వేసింది. పిల్లలు వస్తారు, చూస్తారు, ఒక్కళ్ళయినా ఓ ప్రశ్న అడుగుతారు అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేనే తన్నుకోవాలి.

ఉపకులపతి ఆచార్య పినాకపాణి గారు అంతకు ముందే ఢిల్లీలో ఏదో సెమినారుకి వెళ్ళి, అక్కణ్ణించి ఒక వాక్యం పట్టుకొచ్చారు. "వస్తువే గురువు." మధ్యాహ్నం భోజనాలయ్యాక, అందరూ కునుకు తీస్తున్న వేళ ఎవరో అన్న మాటట. ఈయన ఒక్కరే మేలుకుని ఉండటం మా జిల్లా దురదృష్టం. నెల తిరక్కుండా ఆ వాక్యం విశ్వవిద్యాలయం గోడల మీదికీ, బస్సుల మీదికీ, క్యాంటీను ప్లేట్ల మీదికీ ఎక్కింది. తర్వాత మా హాల్లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. నాకు శాలువా కప్పారు. నేను వాళ్ళకి కప్పాను. హడావిడిలో మా అటెండరు యేసోబుకి కూడా ఎవరో కప్పేశారు. అడిగితే వాడు తిరిగివ్వలేదు.

వారం తర్వాత రిజిస్ట్రారు దశరథరామయ్య గారు ఫైలు చంకలో పెట్టుకుని వచ్చారు. ఈయన మాట్లాడితే జీవో చదువుతున్నట్టుంటుంది. ఇంట్లో కాఫీ కూడా "తదుపరి చర్య నిమిత్తం" అడుగుతారని చెప్పుకుంటారు.

"క్యూరేటర్ గారూ, మాకు మంజూరైన ఆచార్య పదవుల్లో సగానికి పైగా ఖాళీ. గ్రేడు ఇచ్చే బృందం చలికాలంలో విచ్చేయుచున్నది. ఎంతమంది విద్యార్థులకి ఒక ఆచార్యుడు అన్నది వారి మొదటి ప్రశ్న. మీరు సంతకం చేసిన ఒప్పందంలో మొదటి వాక్యం ఏమిటండి?"

"వస్తువే గురువు."

"గురువు అనగా బోధనా సిబ్బంది. అవునా, కాదా?"

"అది ఏదో మాటవరసకి రాశారనుకున్నానండీ."

"ఒప్పందంలో మాటవరస ఉండదండి. మీ వద్ద వస్తువులు ఎన్ని?"

"స్టోరులో పడి ఉన్నవాటితో కలిపితే నాలుగువేల పైచిలుకు."

ఆయన కళ్ళు చెమర్చాయి. జేబురుమాలు తీసి తుడుచుకుని, "దేశంలో ఏ విశ్వవిద్యాలయానికీ ఇంత బోధనా సిబ్బంది లేదండీ!" అన్నారు.

ఖాళీల్లో మనుషుల్నే తీసుకోవచ్చు కదా అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశారు. "మనుషులు సెలవు పెడతారండి. కోర్టుకి వెళతారు. ఒకరినొకరు చూసి ఓర్చుకోలేరు. మీ వస్తువుల్లో ఇప్పటివరకూ ఒక్క గ్రూపు తగాదా వచ్చిందా?"

రాలేదని ఒప్పుకున్నాను.

నియామకం పద్ధతి ప్రకారమే జరిగింది. అలా జరగలేదని ఎవరూ వేలెత్తి చూపకూడదని రిజిస్ట్రారు గారి పట్టుదల. ఎంపిక సంఘం మా గ్యాలరీలో కుర్చీలు వేయించుకుని, జీడిపప్పు పలుకులు నములుతూ ఇంటర్వ్యూలు చేసింది. చరిత్ర శాఖకి వచ్చిన అభ్యర్థుల్లో ముఖ్యుడు మా వీరగల్లు. ఊరి పశువుల్ని దొంగలు తోలుకుపోతుంటే అడ్డం పడి చచ్చిపోయిన వాడికి నిలబెట్టే రాయి అది. మా రాయి మీది వీరుడి పేరు కేతినాయకుడు. చేతిలో కత్తి, కాళ్ళ దగ్గర ఆవులు, కింద ఆయన పేరుతో శాసనం. ముక్కు ఒక్కటే లేదు, ఎప్పుడో ఎవరో పగలగొట్టారు. సంఘం ఆయన్ని బోధన మీద, పరిశోధన మీద, ముఖ్యంగా విశ్వవిద్యాలయ పరిపాలన మీద ప్రశ్నలడిగింది. "క్లిష్టమైన ప్రశ్నలకు సైతం అభ్యర్థి చలించలేదు. పాలకవర్గంపై ఎట్టి విమర్శ చేయలేదు" అని మినిట్సులో రాసుకుని, ఏకగ్రీవంగా ఆచార్య పదవి ఇచ్చేశారు.

సీనియారిటీ దగ్గర కాస్త గొడవ జరిగింది. కొత్తరాతియుగం గొడ్డలి అందరికంటే పెద్దది కనక డీన్ అయింది. కుండపెంకులు పగిలి ఉన్నాయి కనక పార్ట్‌టైమ్ అన్నారు. ఒక ఇత్తడి దీపపు సెమ్మె మాత్రం ఎవరో దాతది, నకిలీ అని నాకు ముందునుంచీ అనుమానం. అదే మాట చెప్పాను. "నకిలీ సర్టిఫికెట్ల వ్యవహారం మన దగ్గర కొత్తేమీ కాదు, విచారణ సంఘం వేద్దాం, అంతవరకూ కొనసాగనివ్వండి" అన్నారు రిజిస్ట్రారు గారు.

తర్వాత హాజరు యంత్రం వచ్చింది. ముఖం చూసి గుర్తుపడుతుందట. బోధనా సిబ్బంది అన్నాక పొద్దునా సాయంత్రం ముఖం చూపించాల్సిందే. యేసోబు ఆ యంత్రాన్ని నెత్తిన పెట్టుకుని గ్యాలరీ గ్యాలరీ తిరిగేవాడు. గొడ్డలికి ముఖం లేదు కనక డీన్ గారికి మినహాయింపు దొరికింది. కేతినాయకుడికి ముఖం ఉంది, ముక్కు లేదు. యంత్రం రోజూ "మళ్ళీ ప్రయత్నించండి" అనేది. నెలాఖరుకి ఆచార్యుల వారికి మెమో వచ్చింది: తాము అనధికారికంగా గైరుహాజరగుచున్న కారణమును, ముక్కు లేకుండుటకు గల కారణమును వారం లోపల లిఖితపూర్వకంగా తెలియజేయవలెను.

"ఏందయ్యగారూ ఈ గోల" అని విసుక్కుని, యేసోబు ఒకరోజు కేతినాయకుడి వంతు వచ్చినప్పుడు యంత్రానికి తన ముఖమే చూపించేశాడు. అది ఆనందంగా కిలకిలమని "స్వాగతం, ఆచార్య కేతినాయకుడు గారూ" అంది. ఆ తర్వాత గైరుహాజరు లేదు. యేసోబు సెలవు పెట్టిన రోజుల్లో మాత్రం ఆచార్యుల వారు కూడా రారు.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే ఉన్నాను. ఇంటికెళ్ళి మా ఆవిడకి చెబితే ఆవిడ కూడా నవ్వేది. నాగమల్లేశ్వరి వచ్చాకే నాకు నవ్వు ఆగిపోయింది.

ఈ అమ్మాయిది మా జిల్లాలోనే మెట్ట ప్రాంతం. వీరగల్లుల మీద పీహెచ్‌డీ చేస్తోంది. మ్యూజియం చూడ్డానికే మ్యూజియానికి వచ్చిన మనిషిని నేను నా సర్వీసులో ఈమెనే చూశాను. బస్సులు పోని ఊళ్ళకి ఆటోల్లో, ట్రాక్టర్ల మీద పోయి, పొలం గట్ల మీద పడి ఉన్న రాళ్ళని కడిగి, తడి కాగితం అద్ది, బ్రష్షుతో కొట్టి, సిరా పూసి శాసనాల నకళ్ళు తీసుకొచ్చింది. మా కేతినాయకుడి రాయి అడుగు వరసల్ని అంతకుముందు ఎవరూ చదవలేదు. అరిగిపోయాయని వదిలేశారు. ఈమె పక్కనుంచి టార్చిలైటు వేసి, నేల మీద బోర్లా పడుకుని చదివింది. ఆ రాయిని నిలబెట్టించింది రాజూ కాదు, ఊరూ కాదు, కేతినాయకుడి అక్క కామసాని. అది తేలిన రోజు ఈ పిల్ల గ్యాలరీలో అరిచిన అరుపుకి నాణేల గదిలోంచి రెండు జంటలు బయటికి పరిగెత్తాయి.

ఆమెకి ఒక ఆడపిల్లల కాలేజీలో ఉద్యోగం వచ్చింది. జూన్ లోపల డాక్టరేటు చూపిస్తేనే ఉంచుతారు, లేకపోతే తీసేస్తారు. థీసిస్ పూర్తయింది. ఇంకేముంది, గైడు సంతకం పెడితే సమర్పించడమే అనుకుంటుండగా గైడు రిటైరయ్యాడు. రిజిస్ట్రారు ఆఫీసు కొత్త గైడుని కేటాయించింది. ఎవరినో చెప్పక్కర్లేదు కదా.

ఉత్తర్వు పట్టుకుని నా గదిలోకి వచ్చింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏడవలేదు.

"పాత గైడు కంటే ఈయనే నయం సార్. మనవడిని స్కూలు నుంచి తీసుకురమ్మనడు, గ్యాసు బుక్ చెయ్యమనడు. కానీ సంతకం ఎట్టా?"

ఇద్దరం తలపట్టుకున్నాం. చివరికి ఉపాయం ఆ అమ్మాయికే తట్టింది. రాతి మీద ఆయన పేరు చెక్కి ఉంది కదా! తడి కాగితం అద్ది, ఆ పేరూ దాని కిందున్న తేదీ వరకూ నకలు తీసి, థీసిస్‌లో గైడు సంతకం చేయాల్సిన చోట అంటించింది. తెలుగు దేశంలో ఇంత నికార్సయిన సంతకం పెట్టిన గైడు ఇంకొకడు ఉండడు.

రిజిస్ట్రారు గారు అద్దాలు పెట్టుకుని, తీసేసి, మళ్ళీ పెట్టుకుని చూశారు. "సంతకం సరే. కింద తేదీ శక సంవత్సరం పదకొండు వందల తొంభై అని ఉంది. మీరు రిజిస్టరు చేసుకున్నది మొన్న. మీరు పుట్టకముందే మీ గైడు మీ థీసిస్‌ని ఆమోదించినట్టు అగుచున్నది."

"ముందుచూపు ఉన్న మనిషి సార్" అంది నాగమల్లేశ్వరి.

ఆయనకి అందులో వెటకారం కనపడలేదు. "ముందస్తు ఆమోదం" అని నోట్ రాసుకుని ఫైలు పైకి పంపారు.

పైన కాపీ పట్టే యంత్రం ఉంది. థీసిస్‌ని దానికి వేశారు. ఎవరి రాతలూ ఎత్తుకురాలేదు ఆ అమ్మాయి, ఒక్క శాసనం తప్ప. శాసనం మొత్తం పాఠం ఇచ్చి, దాన్ని మాట మాటగా విడమరిచి చెప్పడమే థీసిస్ గుండెకాయ. యంత్రం దాన్ని పట్టుకుని రిపోర్టు ఇచ్చింది: ఈ రచనలోని కీలక భాగం ఆచార్య కేతినాయకుడు గారిది.

సరిగ్గా అప్పుడే గ్రేడు ఇచ్చే బృందం నుంచి ఇంకో ప్రశ్న వచ్చిపడింది. మీ బోధనా సిబ్బందిలో డాక్టరేటు ఉన్నవారు ఎందరు? నాలుగువేల పైచిలుకు కొత్త ఆచార్యుల్లో ఒక్కరికి కూడా లేదు. ఒక్కరికైనా వెంటనే ఇవ్వకపోతే నియామకాలన్నీ రద్దు. తయారుగా ఉన్న థీసిస్ ఒక్కటే ఉంది. అది కేతినాయకుడి గురించి. అందులోని ఆధారాలు కేతినాయకుడివి. కీలక భాగం ఆయనదేనని యంత్రం కూడా సాక్ష్యం చెప్పింది. ఇంకేం కావాలి?

ఈ సంగతి నాకు యేసోబు చెప్పాడు. మా కేతినాయకుడి డాక్టరేటుకి కావాల్సిన పాస్‌పోర్టు సైజు ఫొటో కోసం విశ్వవిద్యాలయం వాళ్ళు వచ్చారట. ఒళ్ళు మండిపోయింది. నాగమల్లేశ్వరిని వెంటబెట్టుకుని ఉపకులపతి గారి గదికి వెళ్ళాను. రిజిస్ట్రారు గారు కూడా అక్కడే ఉన్నారు.

"రండి, రండి" అన్నారు పినాకపాణి గారు. "మనం చరిత్ర సృష్టించబోతున్నామండీ. ఇన్నాళ్ళూ వస్తువు గురించి మనిషి మాట్లాడాడు. ఇది జ్ఞానం మీద దౌర్జన్యం! ఇక జ్ఞానాన్ని దాని మూలానికి తిరిగి అప్పగించాలి. దీన్నే నేను మూలస్వామ్య బోధనా నమూనా అంటున్నాను."

"రాసింది ఈ అమ్మాయండీ" అన్నాను.

"టైపు చేసింది" అన్నారు రిజిస్ట్రారు గారు. "ఆ విషయం మేము విస్మరించలేదు. 'లేఖన సహకారం' అని అట్ట లోపలి పక్కన వారి పేరు ముద్రించబడును."

నాగమల్లేశ్వరి అంతవరకూ కొంగు కొస పట్టుకుని నలుపుతూ ఉంది. వదిలేసింది.

"ఆరేళ్ళ కష్టం సార్ అది. ఎండల్లో తిరిగాను. ఒక ఊళ్ళో క్షుద్రపూజలు చేసేదాన్ననుకుని తరిమారు. డాక్టరేటు కాగితం చేతిలో లేకపోతే జూన్లో నా ఉద్యోగం పోద్ది. రాయికి ఏం పోద్ది సార్?"

"ఆచార్యుల వారిని రాయి అనుట భావ్యం కాదు" అన్నారు రిజిస్ట్రారు గారు.

"ఆయన్ని నేనేమీ అనట్లేదండీ. మంచోడు, ఆవుల కోసం చచ్చిపోయాడు. ఆ రాయి నిలబెట్టింది వాళ్ళక్క. ఏడొందల ఏళ్ళు ఆమె పేరు మట్టిలో పడుంటే నేను బయటికి తీశాను. ఇప్పుడు నా పేరు మీరు మట్టిలో పెడతన్నారు. ఎట్టా ఒప్పుకోమంటారు?"

పినాకపాణి గారు కళ్ళు మూసుకుని వింటున్నారు. చివరికి కళ్ళు తెరిచి, "ఎంత గొప్ప నేపథ్యం! రిజిస్ట్రార్ గారూ, స్నాతకోత్సవంలో చదివే ప్రశంసాపత్రంలో ఈ అక్కగారి విషయం కూడా చేర్చండి. ఆచార్యుల వారి కుటుంబ నేపథ్యం అని" అన్నారు.

నేను నా చివరి బాణం తీశాను. రాయి ప్రభుత్వ సొత్తు, మా పురావస్తు శాఖ అనుమతి లేకుండా మ్యూజియం గడప దాటదు, పీహెచ్‌డీ కాదు కదా పిడకలేరడానికి కూడా పంపను అన్నాను. సాయంత్రానికి మా డైరెక్టరు గారి ఫోను వచ్చింది. "ఏమయ్యా, రాష్ట్రంలో డాక్టరేటు పొందిన తొలి ప్రదర్శన వస్తువు మన శాఖదేనట కదా! ముందే చెప్పొద్దూ! ఇద్దరు సాయుధ పోలీసుల్ని పెట్టి పంపించు. కింద పరుపు వేయించు."

వైవా మా గ్యాలరీలోనే పెట్టారు. బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు పెద్దమనిషే, రైలు అందుకోవాలన్న తొందర తప్ప వేరే లోపం లేదు. శాసనంలో ఒక పదం గురించి మంచి ప్రశ్నే అడిగాడు. వెనక కుర్చీలో కూర్చున్న నాగమల్లేశ్వరి ఉండబట్టలేక లేచి జవాబు చెప్పబోయింది. ఆయన చెయ్యెత్తి, "అభ్యర్థిని మాట్లాడనివ్వండమ్మా" అన్నాడు. అభ్యర్థి మాట్లాడలేదు. కాసేపు చూసి, "సంతృప్తికరం" అని రాసి రైలుకి వెళ్ళిపోయాడు.

స్నాతకోత్సవానికి లారీ వచ్చింది. అంతకు ముందు దర్జీ వచ్చి గౌను కొలతలు తీసుకున్నాడు. భుజాలు ఎక్కడ మొదలవుతాయో తెలియక వాడు చాలా ఇబ్బంది పడ్డాడు. టోపీ జారిపోతుంటే యేసోబు రబ్బరు బ్యాండు పెట్టాడు. పరుపు మీద పడుకోబెట్టి, పోలీసుల్ని అటూ ఇటూ కూర్చోబెట్టి, మేళంతో తీసుకెళ్ళారు. వేదిక మీదికి ఎక్కించడానికి క్రేను తెప్పించారు. అది పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఎక్కించింది. వేదిక కింద చెక్కలు ఒకటి రెండు విరిగాయి. అది ఆచార్యుల వారి విద్వత్తు బరువని ఎవరో అంటే పినాకపాణి గారు మెచ్చుకున్నారు.

పట్టా అందుకోవడానికి ఒక మనిషి కావాలి కదా. ఆచార్యుల వారి తరఫున లేఖన సహకారి స్వీకరించవలెనని నాగమల్లేశ్వరికి ఉత్తర్వు పంపారు. ఆమె రాదనే అనుకున్నాను. నేనైతే రాను. ఆ ఉత్తర్వు చింపి వాళ్ళ ముఖాన కొట్టేవాణ్ణి. వచ్చింది. నీలం చీర కట్టుకుని, జడలో పూలు పెట్టుకుని, సొంత పట్టా తీసుకునేదానిలాగే వచ్చింది.

"ఎందుకొచ్చావమ్మా?" అన్నాను పక్కకి పిలిచి.

"రాసింది నేను సార్. ఎవరో పట్టుకోవడం నేను చూడలేను" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

రిజిస్ట్రారు గారు పేరు చదివారు. డాక్టర్ కేతినాయకుడు. హాలంతా చప్పట్లు. నాగమల్లేశ్వరి మెట్లెక్కింది. ప్రశంసాపత్రంలో అక్కగారి సంగతి కూడా వచ్చింది, పేరు మాత్రం చెప్పలేదు. పినాకపాణి గారు పట్టా ఆమె చేతుల్లో పెట్టారు. ఆమె దాన్ని తెరిచి, అందులో ఉన్న పేరు చదువుకుని, మూసి, గుండెకి ఆనించుకుని రాతి ముందు నిలబడింది. సిగ్గు లేకుండా ఏడ్చాను. పక్కన కూర్చున్న మా డైరెక్టరు గారు నేను ఆనందబాష్పాలు కారుస్తున్నాననుకుని నా వీపు తట్టారు.

ఫొటోలు తీసేవాడు కెమెరా ఎత్తాడు, దించాడు, చెయ్యి ఊపాడు.

"అమ్మా, మీరు కాస్త పక్కకి జరగాలి. డాక్టరు గారు కనపడట్లేదు."

నాగమల్లేశ్వరి కదల్లేదు. ముందువరసలో నా వరకే కాదు, హాలు చివరి దాకా వినపడేలా అంది.

"నేను జరగనండీ. డాక్టరు గారినే జరగమనండి."

రిజిస్ట్రారు గారు ఉపకులపతి గారి వంక చూశారు. ఉపకులపతి గారు కాస్త ఆశగా రాతి వైపు తిరిగారు.